విరామంలో వినిపించిన ఉర్దూ

ఐదుగురు కుర్రాళ్లు కలిసి పాడే ఒక బృందం. అందులో ఒక్కడే ముస్లిం. బృందం పేరు వన్ డైరెక్షన్, ఆ ఒక్కడి పేరు జైన్ మాలిక్. 2015 మార్చి 25న అతను బృందాన్ని వదిలాడు. మిగిలిన నలుగురూ ఆ ఏడాది చివరిదాకా నెట్టుకొచ్చి, 2016 జనవరి నుంచి 'విరామం' అన్నారు. ఆ విరామం ఇక ముగియలేదు. 2024 అక్టోబరులో లియామ్ పేన్ చనిపోవడంతో ఐదుగురూ మళ్లీ ఒక వేదిక మీద నిలబడే మాటే లేకుండా పోయింది. వాళ్లలో అందరికంటే ముందు సొంత ఆల్బం తెచ్చింది జైన్. 2016 మార్చి 25న, అంటే బయటికొచ్చిన సరిగ్గా ఏడాదికి వచ్చిన ఆ ఆల్బం పేరు 'మైండ్ ఆఫ్ మైన్'.

టీనేజి పిల్లల కేరింతల మధ్య పాడిన ఇంగ్లండు కుర్రాడి ఆల్బంతో తెలుగు ముస్లింలకేం పని అని అడిగేవాళ్లుంటారు. మా అస్తిత్వం గురించి రాయడానికి బాబ్రీ మసీదు ఉంది, గుజరాత్ ఉంది, పాతబస్తీ ఉంది, పంక్చర్ల షాపులున్నాయి, బీడీల చాటలున్నాయి. అవన్నీ రాస్తూనే ఉన్నాం, రాస్తాం కూడా. అయితే ఒక గుంపులో ఒక్కడిగా నిలబడ్డ ముస్లిం గొంతు ఏమవుతుంది, గుంపు చెదిరాక ఆ గొంతు ఏం పాడుతుంది అన్న ప్రశ్న బ్రిటన్‌దే కాదు. ఆఫీసులో ఒకే ఒక్క సాయిబుగా, క్లాసులో ఒకే ఒక్క బుర్ఖాగా, కవిసమ్మేళనంలో ఒకే ఒక్క ముస్లిం పేరుగా ఉన్న మాకు ఆ సంగతి కొత్త కాదు.

పేరు రాసే దగ్గరే చిక్కొచ్చింది చూడండి. జైన్ అని రాస్తే చదివేవాళ్లు జైనమతం అనుకుంటారు. అరబ్బీలో ఆ మాటకు అందం, అలంకారం అని అర్థం. మా పేర్లలోని ఆ 'జ' పలకడానికి తెలుగులో అక్షరం లేదు. కింద చుక్క పెడితే అచ్చులో రాలిపోతుంది. రజియా, నజీర్, అజీజ్ అందరూ అలా రాలిపోయినవాళ్లే. అతని పేరూ మొదట్లో ఇంగ్లీషులో ఒక రకంగా ఉండేది, బృందంలోకి వచ్చాక స్పెల్లింగు మారింది. మార్కెట్టుకు నప్పేట్టు పేరు కాస్త చెక్కుకోవడం అక్కడా ఉంది.

అతని ఊరు బ్రాడ్‌ఫర్డ్. ఆ ఊరి కథ తెలియకుండా అతని పాట తెలియదు. ఉన్ని మిల్లుల ఊరది. 1950లలో, 60లలో ఆ మిల్లుల్లో తెల్లవాళ్లు వద్దనుకున్న రాత్రి షిఫ్టులకు మనుషులు కావలసి వచ్చారు. అదే కాలంలో జీలం నది మీద మంగ్లా ఆనకట్ట కట్టారు. 1967లో అది పూర్తయ్యేసరికి మీర్‌పూర్ ప్రాంతంలో లక్షమంది దాకా ఇళ్లూ పొలాలూ పోగొట్టుకున్నారు. శ్రీశైలం ముంపు తెలిసినవాళ్లకు ఆ బాధ వేరే చెప్పనక్కర్లేదు. ఆ మునిగిన ఊళ్లవాళ్లలో చాలామంది బ్రాడ్‌ఫర్డ్ మిల్లుల్లో తేలారు. తర్వాత మిల్లులు మూతపడ్డాయి. పని పోయింది, మనుషులు మిగిలారు. పనిచేసినంత కాలం కూలీలుగా కనపడ్డవాళ్లు, పని పోయాక ముస్లింలుగా కనపడటం మొదలైంది.

1989 జనవరిలో 'సెటానిక్ వర్సెస్' పుస్తకాన్ని తగలబెట్టింది ఈ ఊళ్లోనే. ఆ మంట ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఒక పుస్తకాన్ని కాల్చడం తప్పే, అందులో మాకు రెండో మాట లేదు. కానీ మూతపడ్డ మిల్లు ఫొటో అలా తిరగలేదు. 1990లో నార్మన్ టెబిట్ అనే కన్సర్వేటివ్ నాయకుడు బ్రిటన్‌లోని ఆసియావాళ్లకు ఒక పరీక్ష పెట్టాడు. క్రికెట్ మ్యాచ్‌లో ఎవరు గెలవాలని కేరింతలు కొడతారో చూస్తే వీళ్లు ఏ దేశం వాళ్లో తెలుస్తుందన్నాడు. ఆ మాట ఇంగ్లీషులో విని ఆశ్చర్యపోయినవాళ్లుంటారేమో, మేమైతే ఆశ్చర్యపోలేదు. ఇక్కడ ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్ ఉన్న ప్రతిసారీ మా గల్లీల వైపు చెవులు రిక్కించినవాళ్లు టెబిట్‌కంటే ముందే ఉన్నారు. ఆ మరుసటేడు, 1991లో, ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. రెండు దేశాల్లో ఒకే అనుమానం ఒకే కాలంలో ఎలా మొలిచిందో చరిత్రకారులు తీరిగ్గా రాయాల్సిన సంగతి.

జైన్ 1993 జనవరి 12న పుట్టాడు. నాన్నది పాకిస్తాన్ నుంచి వచ్చిన కుటుంబం. అమ్మ తెల్ల ఇంగ్లీషామె, పెళ్లితో ఇస్లాంలోకి వచ్చింది. ఒక ప్రాథమిక పాఠశాలలో హలాల్ వంట చేసేది. ముగ్గురు అక్కచెల్లెళ్ల మధ్య ఒక్కడే మగపిల్లాడు. అతనికి ఎనిమిదేళ్లప్పుడు, 2001 జులైలో, ఊరు భగ్గుమంది. తెల్ల జాత్యహంకార ముఠాలు వస్తున్నాయన్న వేడిలో కుర్రాళ్లు వీధుల్లోకొచ్చి పోలీసులతో తలపడ్డారు. తర్వాత పోలీసులు ఫొటోలు అచ్చేస్తే, చదువుకుని తప్పు దిద్దుకుంటాడులే అనుకుని కొందరు తల్లిదండ్రులు తమ పిల్లల్ని తామే తీసుకెళ్లి అప్పగించారు. శిక్షలు ఏళ్లకేళ్లు పడ్డాయి. రెండువందల మంది దాకా జైలుకెళ్లారు. అతనికి పన్నెండేళ్లప్పుడు, 2005 జులై 7న, లండన్‌లో బాంబులు పేలాయి. పేల్చిన నలుగురిలో ముగ్గురు పక్కనే ఉన్న లీడ్స్ ప్రాంతంవాళ్లు. ఆ రోజు తర్వాత ఆ చుట్టుపక్కల ముస్లిం పేరున్న పిల్లాడు బడికి ఎలా వెళ్లి ఉంటాడో 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాద్‌లో బతికిన మా పిల్లల్ని అడిగితే చెబుతారు. పేలింది మా మసీదులోనే. పోలీసులు పట్టుకెళ్లిందీ మా పిల్లల్నే.

ఇక పాట దగ్గరికొద్దాం. 2010లో 'ఎక్స్ ఫ్యాక్టర్' అనే టీవీ పోటీకి జైన్ వెళ్లాడు. అప్పటికి పదిహేడేళ్లు. పరీక్షలో పాడిన పాట ఆర్ అండ్ బి పాట, నల్లవాళ్ల గొంతులోంచి వచ్చిన బాణీ. అమెరికా నల్లవాళ్ల సంగీతంలో తన ఒంటరితనానికి చోటు వెతుక్కున్న ఆసియా కుర్రాళ్లు ఆ ఊళ్లలో ఎందరో. తర్వాతి దశలో డాన్సు చేయమంటే భయపడి వేదిక మీదకు రాలేదు. జడ్జీల్లో ఒకాయన వెనక్కెళ్లి తీసుకురావాల్సొచ్చింది. ఒంటరిగా నెగ్గలేదు. అలాగే నెగ్గని మరో నలుగురితో కలిపి టీవీవాళ్లే ఒక బృందం కట్టారు. అంటే అది స్నేహితులు చావిట్లో కూచుని కట్టుకున్న మేళం కాదు, కంపెనీ కట్టిన కట్ట. పోటీలో మూడో స్థానం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన కీర్తి మాత్రం మొదటి స్థానం వాడికి కలలో కూడా రాలేదు.

2011 నుంచి 2014 దాకా ఏడాదికో ఆల్బం చొప్పున నాలుగింటిలో జైన్ గొంతు ఉంది. పెద్ద స్వరాలు ఎక్కడ అందుకోవాలో అక్కడ అతన్ని పెట్టేవారు. అయితే ఆ గొంతులో ఏముందో దాన్ని రానిచ్చారా? 2015 చివర్లో ఒక పత్రికకిచ్చిన ఇంటర్వ్యూలో అతను చెప్పిన సంగతి మాకు బాగా పట్టింది. ఒక చరణాన్ని తన తీరులో కాస్త ఆర్ అండ్ బి విరుపుతో పాడితే, ఆ విరుపు పోయి సాపుగా అయ్యేదాకా యాభైసార్లు మళ్లీ మళ్లీ పాడించేవారట.

యాభైసార్లు. ఆ లెక్క మాకు తెలుసు. తెలుగు పత్రికకు కథ పంపితే 'అమ్మీ' తీసేసి 'అమ్మ' అని దిద్దినవాళ్లున్నారు. 'దస్తర్‌ఖాన్' అంటే పాఠకుడికి అర్థం కాదన్నవాళ్లున్నారు. పాఠకుడికి పులిహోర అర్థమైతే ఖీమా ఎందుకు అర్థం కాదో ఎవరూ చెప్పలేదు. మా భాషలోని విరుపు పోయేదాకా దిద్దించుకుని, అప్పుడు అచ్చేసి, 'ఎంత మంచి తెలుగు రాస్తారండీ' అని భుజం తట్టారు.

బృందంలో జైన్‌కు దొరికిన బిరుదు 'అంతుపట్టనివాడు'. ఒకడు అల్లరివాడు, ఒకడు ముద్దులవాడు, ఇతనేమో అంతుపట్టనివాడు. గోధుమరంగు మొహం, పెద్ద కనురెప్పలు, ఎక్కువ మాట్లాడడు. మా గురించి తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు మమ్మల్ని అంతుపట్టనివాళ్లని అనడం ఎంత సుఖమైన పని! అంతుపట్టనితనం పోస్టరు మీద అందంగా ఉంటుంది, విమానాశ్రయంలో అనుమానంగా మారుతుంది. తొలిసారి అమెరికా వెళ్లినప్పుడు పదే పదే జరిగిన తనిఖీల గురించి తర్వాత అతనే చెప్పుకున్నాడు. అప్పటికి పదిహేడేళ్ల పిల్లాడు.

2012లో ట్విట్టర్‌లో కలిమా రాశాడని, పసిపిల్లలకు ఇస్లాం ఎక్కిస్తున్నాడని ఒక అమెరికన్ రచయిత్రి రచ్చ చేసింది. 2014 జులైలో గాజా మీద బాంబులు పడుతుంటే పాలస్తీనాకు విముక్తి కావాలని రెండు మాటలు రాశాడు. చంపుతామని బెదిరింపులు వచ్చాయి. రాసింది తీసెయ్యలేదు. 2015 మార్చిలో అతను బృందం వదిలిన రెండో రోజుకే అమెరికా టీవీలో బిల్ మార్ అనే హాస్యగాడు అతని ఫొటోను బోస్టన్ మారథాన్ బాంబు కేసు ముద్దాయి ఫొటోతో పోల్చి నవ్వించాడు. బిల్ మార్ మామూలుగా ఉదారవాదుల జట్టువాడు. సెక్యులర్ మిత్రులారా, ఈ ముక్క మీరు కాస్త ఆగి చదవాలి. కాషాయం కట్టుకున్నవాడు మమ్మల్ని అంటే మీరు మా పక్కన నిలబడతారు, సంతోషం. నవ్వులాటగా అన్నవాడు మీ జట్టువాడైనప్పుడే మీకు చప్పున వినపడదు.

అలాంటి గుంపులోంచి బయటికొచ్చి చేసిన ఆల్బం ఎలా ఉండాలి? మాలో కొందరు కోపంగా ఉంటుందనుకున్నారు. బ్రాడ్‌ఫర్డ్ మిల్లుల గురించీ జాత్యహంకారం గురించీ పాడతాడని ఆశపడ్డారు. పాడలేదు. ముందుగా విడుదలైన 'పిల్లోటాక్' పడకగది పాట. అది బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి వెళ్లింది. ఆల్బంలో మోహం ఉంది, తాగుడు ఉంది, విడిపోయిన ప్రేమ ఉంది. తొలి ఆల్బంతోనే రెండు దేశాల్లోనూ నేరుగా మొదటి స్థానంలో దిగిన మొదటి బ్రిటిష్ సోలో గాయకుడు అతనే. మలయ్ అనే నిర్మాతతో కలిసి, బృందంలో యాభైసార్లు తుడిపించిన ఆ విరుపును పాట పాటలో తీరిగ్గా పాడుకున్నాడు. స్వరం ఎక్కడ సాగదీయాలనుకుంటే అక్కడ సాగదీశాడు. ఎక్కడ గొణగాలనుకుంటే అక్కడ గొణిగాడు. నిజం చెప్పాలంటే ఆల్బం చివర్లో పాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి విసుగొస్తుంది. అయినా వింటే ఇది ఒక మనిషి గొంతని తెలుస్తుంది.

అట్ట మీద అతని చిన్నప్పటి ఫొటో. ఆ పసివాడి చేతుల మీద, పెద్దయ్యాక పొడిపించుకున్న పచ్చబొట్లు గీశారు. మా పెద్దవాళ్లు చూస్తే పచ్చబొట్టు హరామంటారు. అతని ఛాతీ మీద ఒక పచ్చబొట్టు ఉంది. అరబ్బీ అక్షరాల్లో ఒక పేరు. చూసి ఏ ఖురాన్ మాటో అనుకున్నవాళ్లున్నారు. అది అమ్మ తండ్రి పేరు, వాల్టర్. తెల్ల తాత పేరు అరబ్బీ లిపిలో. ఏది ఎవరి సొత్తని తేల్చి చెబుతారు?

పద్నాలుగు పాటల ఆల్బంలో సరిగ్గా సగం దగ్గర, ఏడోదిగా, 'ఇంటర్మిషన్: ఫ్లవర్' ఉంది. విరామం, ఒక పువ్వు. రెండు నిమిషాలకు లోపే అయిపోతుంది. డ్రమ్ముల మోత లేదు. సన్నటి వాద్యం మీద గొంతు ఖవ్వాలీ ఆలాపనలా తేలుతూ ఉర్దూలో సాగుతుంది. ప్రేమ పువ్వు గురించి, మనసు నెమ్మది గురించి. తండ్రి భాషకు మొక్కినట్టుంటుంది. ముందూ వెనకా ఇంగ్లీషే. అర్థం ఇదీ అని పాటలో ఎక్కడా విప్పలేదు. ఉర్దూ ముక్క రాని అభిమానులు అర్థం కోసం వెతుక్కున్నారు.

ఈ రెండు నిమిషాల మీద మాలో తగువుంది. ఒక వాదన ఇలా సాగుతుంది: ఇది మన సినిమాల్లో మధ్యన పెట్టే ఖవ్వాలీ లాంటిదే. హీరో కోసం ప్రాణమిచ్చే ముస్లిం స్నేహితుడికి ఒక పాటిస్తారు, టోపీలు, చప్పట్లు, అగరుపొగ, తర్వాత స్నేహితుడు చచ్చిపోతాడు, కథ మళ్లీ హీరోది. ఉర్దూను విరామంలోకి తోసి, దానికి విరామమనే పేరు కూడా పెట్టినవాణ్ణి ఎందుకు నెత్తిన పెట్టుకోవాలి? ఇందులో బలం లేకపోలేదు. ఉర్దూ మాధ్యమంగా 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో ఉర్దూ ఒక డిపార్టుమెంటుగా మిగలడం చూసినవాళ్లం. భాషను గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి వాకిట్లోకి ఎలా జరుపుతారో మాకెవరూ నేర్పనక్కర్లేదు.

అయినా మేం రెండో వైపే ఉన్నాం. సినిమా ఖవ్వాలీ ఎదుటివాడి కోసం పాడేది. టోపీ కూడా ఎదుటివాడు గుర్తుపట్టడం కోసమే. జైన్ పాడినదాంట్లో టోపీ లేదు. ఇంట్లో గొణుక్కున్నట్టుంది. ఎవరి గుర్తింపు కోసమూ పాడలేదు గనకనే అర్థం చెప్పలేదు. తెలుగులో రాస్తున్న మేం ఇంకా బ్రాకెట్లు పెట్టి అర్థాలు రాస్తూనే ఉన్నాం.

ఇక్కడ ఇంకో మడత ఉంది. ఉర్దూనే ముస్లిం గొంతు అంటే మా దూదేకులవాళ్లు ఎక్కడికి పోవాలి? వాళ్లింట్లో తెలుగే. 'ఉర్దూ రాని తురకలేంటి' అని ఇటువాళ్లు వెక్కిరిస్తారు. 'తెలుగు ఎంత బాగా మాట్లాడతారో' అని అటువాళ్లు మెచ్చుకుంటారు. రెండూ ఒకే దెబ్బ. గుంటూరు జిల్లా దూదేకుల ఇంట్లో పుట్టిన షేక్ నాజర్ ఇద్దరు వంతల మధ్య నిలబడి బుర్రకథ చెబితే ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చాయి. పల్నాటి యుద్ధం చెప్పాడు, అల్లూరి సీతారామరాజు కథ చెప్పాడు. ప్రజానాట్యమండలిలో తిరిగాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. కరవది నుంచి శ్రీరంగం దాకా వెళ్లిన షేక్ చినమౌలానా నాదస్వరం దేవుళ్లను మేల్కొలిపింది. ఆయనకు 1977లో పద్మశ్రీ. ఈ పెద్దలను పొగిడేటప్పుడు సభల్లో ఒక మాట తప్పకుండా వస్తుంది: 'సాయిబు అయినా'. సాయిబు అయినా ఎంత చక్కగా రామకథ చెప్పాడు, సాయిబు అయినా త్యాగరాజ కీర్తన ఎంత భక్తిగా వాయించాడు. ఆ 'అయినా' దగ్గరే మా చరిత్ర ఇరుక్కుంది. నాజర్ తన కథల్ని పరాయివాడిగా చెప్పలేదు, పల్నాడు ఆయన పల్నాడే. దాన్ని ఆయనకు బహుమానంగా ఇచ్చినట్టు మాట్లాడేవాళ్లతోనే మా పేచీ.

2018లో జైన్ బ్రిటిష్ వోగ్ పత్రికతో మాట్లాడాడు. నిన్ను నువ్వు ముస్లిం అని చెప్పుకుంటావా అని అడిగితే, చెప్పుకోనన్నాడు. చిన్నప్పుడు మసీదుకెళ్లాడు, ఇస్లాం చదువుకున్నాడు, ఎంచుకునే స్వేచ్ఛ తల్లిదండ్రులు ఇచ్చారన్నాడు. దేవుడున్నాడని నమ్ముతాడు, నరకాన్ని నమ్మడు. ఈ మాటతో మావాళ్లు కొందరు అతన్ని చెరిపేశారు. బృందం వదిలినప్పుడు 'మనోడు' అని సంబరపడ్డవాళ్లే. ముస్లిం సెలబ్రిటీల జాబితాల్లో అతని పేరు వెతికి వెతికి చేర్చినవాళ్లే.

మేం అలా చెరపలేం. దీన్ అతనికీ అల్లాకూ మధ్య సంగతి. ముస్లిం అనే పేరు మాత్రం అతనికీ మసీదుకూ మధ్యే లేదు, అతనికీ విమానాశ్రయానికీ మధ్య కూడా ఉంది. బిల్ మార్ అతని నమాజు లెక్క అడిగి నవ్వలేదు, మొహం చూసి నవ్వాడు. నమాజు చదవని మా కమ్యూనిస్టు మిత్రులకూ ఇల్లు అద్దెకు దొరకలేదు. ఇంటి ఓనరు విశ్వాసం గురించి అడగలేదు, పేరు అడిగాడు. నమ్మినా నమ్మకపోయినా ఈ పేరు మోయాల్సినవాళ్లం గనక, నమ్మనివాడిని బయటికి తోసే హక్కు మాలో ఎవరికుందో మాకు తెలియడం లేదు. అతన్ని ప్రతినిధిగా నిలబెట్టి, నువ్వు మా తరఫున ఇలాగే పాడాలి అనడం కూడా మరో రకం యాభైసార్లు పాడించడమే. హ్యారీ స్టైల్స్ 2017లో తన మొదటి ఆల్బం తెచ్చినప్పుడు, నువ్వు క్రైస్తవుల తరఫున ఏం పాడావని ఎవరూ అడగలేదు. నైల్ హోరన్‌నూ లూయీ టాంలిన్సన్‌నూ అడగలేదు. వాళ్లకు తమ గురించి తాము పాడుకునే తీరిక ఉంది.

ముస్లింనని చెప్పుకోననివాడు 2021 మేలో గాజా మీద మళ్లీ బాంబులు పడ్డప్పుడు మళ్లీ పాలస్తీనా పక్షాన రాశాడు. 2024 జనవరిలో కరాచీ కుర్రాళ్ల ఏయూఆర్ బృందం పాట 'తూ హై కహాఁ' కొత్త రూపంలో వచ్చింది. అందులో జైన్ ఉర్దూలో పాడాడు. ఈసారి అది విరామం కాదు, పాటంతా ఉర్దూయే. యాస బ్రాడ్‌ఫర్డ్‌ది. కొన్ని మాటలు నాలుక మీద సరిగ్గా తిరగలేదని లక్నో చెవులు ఫిర్యాదు చేయొచ్చు. దక్కనీ మాట్లాడే మాకు ఆ ఫిర్యాదు అలవాటే.